పోలిక ఊరు

"మీ పేరు జాబితాలో లేదు మామ్మగారూ."

వైదేహి ఆ మాట అప్పటికి రెండుసార్లు చెప్పింది. ముసలామె కుర్చీలోంచి లేవలేదు.

రేపల్లె దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరది. మూడేళ్ళుగా అక్కడ రైతులకు పొలంబడి నడుస్తోంది. వారానికి ఒక పూట, వరి పొలం గట్టుమీదే పాఠం. ఆ పాఠాల వల్ల ఏమన్నా ఒరిగిందా లేదా అని తేల్చడానికి బాపట్ల ఆఫీసు నుంచి వైదేహి ఫారాలు పట్టుకుని వచ్చింది. ఒరగలేదని తేలితే వచ్చే ఏడు పొలంబడి ఉండదు.

"సుగుణమ్మ అని చూడమ్మా. కిందెక్కడన్నా ఉంటదేమో."

"పొలం ఎంత మీకు?"

"సెంటు లేదు."

"కౌలుకి చేస్తారా?"

"నాట్లకి పోతా."

వెనక వరసలోంచి ఎవరో అందుకున్నారు. "సుగుణమ్మత్తా, నా పొలం సముద్రంలో ఉందని రాయించు. పంట చేపలని చెప్పు!"

అందరూ నవ్వారు.

"నీ పొలంలో కలుపు కంటే నయంలేరా," అంది సుగుణమ్మ, వెనక్కి తిరక్కుండానే.

వైదేహికీ నవ్వొచ్చింది. ఆపుకుంది.

"ఇది రైతులకండీ. క్లాసుకి వచ్చినట్టు రిజిస్టర్లో సంతకం ఉండాలి."

"క్లాసు ఒక్కటి మానలేదు తల్లీ. సంతకం పెట్టనిస్తేగా! భూమి ఉన్నోళ్ళకేనన్నారు. వెనకాల నిలబడి విన్నా."

"మరెట్లా రాసుకోనండీ?"

"రాయొద్దులే. రెండు ముక్కలు విను చాలు. ఈ బడి తీసేస్తారంటున్నారు, నిజమేనా?"

"అందరి జవాబులూ చూశాక తేలుతుందండి."

"మరి నా జవాబు?"

వైదేహి గడియారం చూసుకుంది. ఇంకా పదిహేడు మంది ఉన్నారు. తెనాలి బస్సు నాలుగింటికి.

"సాయంత్రం మాట్లాడదాం మామ్మగారూ. ముందు వీళ్ళవి కానివ్వండి."

సుగుణమ్మ లేచింది.

నాలుగింటికి ముసలామె బస్సు దగ్గరికి వచ్చింది. అప్పటికే బస్సు కదిలింది. వైదేహి కూర్చున్న కిటికీ పక్కన నాలుగడుగులు వేసి, అందుకోలేక ఆగిపోయి, చెయ్యెత్తింది.

వైదేహి కూడా చెయ్యి ఊపింది. మళ్ళీ వచ్చేవాళ్ళు ఊపినట్టే ఊపింది.

మర్నాడు తెనాలి దగ్గర ఇంకో ఊరు. అక్కడ పొలంబడి ఎప్పుడూ జరగలేదు. పాఠం విన్న ఊరికీ వినని ఊరికీ తేడా చూడాలి కదా, అందుకని ఎంచుకున్న ఊరు. ఆఫీసులో దాన్ని పోలిక ఊరంటారు.

శివరామయ్య అనే రైతు అరుగుమీద కూర్చుని జవాబులు చెప్పాడు.

"నాటేముందు నారు కొనలు తుంచుతారా?"

"తుంచకపోతే ఎట్టాగండి? పురుగు గుడ్లు పెట్టేది ఆ కొనలమీదేగా."

"నాట్లలో కాలిబాటలు వదులుతారా?"

"ప్రతి రెండు మీటర్లకీ. గాలాడకపోతే దోమ పట్టుద్ది కదండీ."

వైదేహి తలెత్తి చూసింది. పొలంబడిలో చెప్పేది మాటకు మాట అదే.

"ఎవరు నేర్పారండీ? వ్యవసాయాధికారా, టీవీనా, మందుల కొట్టువాళ్ళా, పక్క రైతా?"

"వాళ్ళెవరూ కాదండి."

"అయితే సొంత అనుభవం," అని టిక్కు పెట్టి, వైదేహి తరవాతి ప్రశ్నకు వెళ్ళింది.

ఆ ఊళ్ళో నలభై మందీ ఇంచుమించు అవే జవాబులు చెప్పారు. నలభై టిక్కులూ ఒకే గడిలో పడ్డాయి.

బాపట్లలో ఆమె పై అధికారి భరద్వాజ కాగితాలు రెండుసార్లు తిరగేశాడు.

"విన్న ఊరికీ వినని ఊరికీ తేడా లేదేంటమ్మా?"

"లేదు సార్."

"వినకుండానే ఇంత బాగా చేస్తుంటే ఇంక పాఠం ఎందుకు? ఆ ముక్క నువ్వే రాసెయ్."

వైదేహి రాసింది. రిపోర్టు శుభ్రంగా ఉందని ఆఫీసులో మెచ్చుకున్నారు కూడా. ఆ జూన్ నుంచి పొలంబడి ఆగిపోయింది.

అక్టోబరులో వరికి సుడిదోమ పట్టిందని, నష్టం చూసి రమ్మంటే, వైదేహి మళ్ళీ ఆ పోలిక ఊరికే వెళ్ళింది.

శివరామయ్య పొలం నడిమధ్య వరి గుండ్రంగా ఎండిపోయి, నిప్పు పెట్టినట్టుంది. చేను ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క కాలిబాట లేదు.

"ఏంటండీ ఇది? బాటలు వదల్లేదా?"

"నాట్లోళ్ళు మారారండి. వీళ్ళకి తొందరగా అయిపోవాలి, అంతే."

"మీరు దగ్గరుండి చెప్పాల్సింది."

"చెప్పానండి. అయితే నువ్వే దిగి నాటుకో అన్నారు." శివరామయ్య నవ్వబోయి మానేశాడు. "మునుపటి ముఠా పెద్ద అట్టా కాదు. నన్నే గట్టుమీద నిలబెట్టి చెప్పేది. కొనలు తుంచని నారుకట్టని మడిలో దిగనిచ్చేది కాదు. ఊరంతా ఆ ముఠాయేగా నాటింది."

"ఈ ఊరి ముఠాయేనా?"

"కాదండి. కాలవ నీళ్ళు మాకు ముందొస్తాయి కదా. ఇక్కడ మొదలుపెట్టి, ఊరూరా నాటుకుంటా కిందికి, వాళ్ళ ఊరికి పోయేవాళ్ళు."

"ఈసారి పిలవలేదా?"

"ఎవర్ని పిలిచేదండీ? ఎండాకాలంలో పోయింది ఆ తల్లి. ముఠా చెదిరిపోయింది."

వైదేహి పెన్ను తీసింది.

"ఆవిడకి ఇవన్నీ ఎవరు నేర్పారు?"

శివరామయ్య ఎండిన దుబ్బొకటి పీకి గట్టుమీద పడేశాడు.

"రేపల్లె అవతల వాళ్ళ ఊళ్ళో క్లాసేదో జరిగేదంట, అక్కడ విన్నది విన్నట్టు వచ్చి మాకు చెప్పేది, ఈ ఊరికి పొలంబడి లేదని మీరు రాసుకున్నారు గానీ, మూడేళ్ళూ సుగుణమ్మే కదండీ నడిపింది."