ఆ పక్క తలుపు

“ఈ పొడుగు సీటు పీకేసి రెండు విడి సీట్లు వెయ్యి బాబూ. ఆ పక్క తలుపు కూడా బాగుచెయ్యి,” అంది ఆవిడ మెకానిక్‌తో, పాత పికప్పు బానెట్ మీద చరిచి.

“ఇంజను దగ్గుతోంది, ముందది చూడవయ్యా. తలుపు జోలికి పోకు, దండగ,” అన్నాడు ఆవిడ భర్త.

“దండగా? పెళ్లయినప్పట్నుంచీ మధ్యలోనే కూర్చుంటున్నాను. గేరు మార్చినప్పుడల్లా నా మోకాలికి దెబ్బ! అదేమంటే, ఆ తలుపు లాకు పట్టదు, మలుపులో తెరుచుకుంటే పడిపోతావు, ఇటు జరుగు అంటారు.”

మెకానిక్ ఆ తలుపు తీశాడు, వేశాడు. లోపలికెక్కి భుజంతో గట్టిగా కుమ్మాడు. బండంతా ఊగింది గానీ తలుపు కదల్లేదు.

“బండినిండా రోగాలే గానీ, ఇది మాత్రం నిక్షేపంలా ఉంది పిన్నిగారూ. దీన్ని అసలెవరూ వాడినట్టే లేరు.”

ఆవిడ భర్త వైపు తిరిగింది. ఆయన కిందికి వంగి, నిండా గాలి ఉన్న టైరును మహా శ్రద్ధగా నొక్కి చూస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

“అయితే సీట్లు ఇవాళే మార్చెయ్యనా?” అడిగాడు మెకానిక్.

ఆవిడ ఎప్పట్లాగే డ్రైవరు వైపు నుంచి ఎక్కి, జరిగి, మధ్యలో కూర్చుంది.

“నీకు తెలీదులే బాబూ, అది ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పలేం. సీటు అలాగే ఉండనీ,” అంది. “ఆ గేరు రాడ్డునే కాస్త అటు వంచు.”