రెండు సాకులూ చెప్పిందెవరు?

"మీరు ఇరవైమంది. నిన్న క్లాసుకు రాలేనని పద్నాలుగుమంది జ్వరమన్నారు, పదకొండుమంది అన్న పెళ్లన్నారు. రెండు సాకులూ చెప్పినవాళ్లెందరు? ఈ సమాచారం చాలుతుందా?" బిష్కెక్ కోచింగ్ సెంటర్లో బూరులాయ్ టీచర్ అడిగింది.

తిలేక్ నవ్వాపుకుంటూ లేచాడు. "చాలదు టీచరక్కా. ఏ సాకూ చెప్పకుండా వచ్చిన బుద్ధిమంతులెందరో తెలియాలిగా!"

"ఒక్కరూ రాలేదు, సాకు చెప్పనివాళ్లూ లేరు. ఇప్పుడు చాలుతుందా?"

"చాలుతుంది... అయిదుగురు." తిలేక్ గొంతు దిగిపోయింది. తన స్నేహితులు మాత్రమే ఎగ్గొట్టారని ఇంతదాకా అనుకున్నాడు. ఖాళీ బెంచీల ముందు ఆవిడొక్కతే కూర్చుందన్నమాట.

"తప్పయిపోయింది టీచరక్కా. అందరం గుర్రాలమీద ఆడే జట్ల పోటీకి పోయినట్టున్నాం."

"తెలుసురా. మా ఊరు నరీన్ జట్టే ఆడింది! నన్నూ ఒక్కమాట రమ్మంటే మీ సొమ్మేం పోయేది?"