మసకబారిన ఆదివారాలు

“ఈ సూదిలో కాస్త దారం ఎక్కించి పెట్టండి,” అంటూ ఆమె ఇంట్లోకల్లా సన్నటి సూదిని భర్త చేతికిచ్చింది.

అతను గోడకు మేకులు కొట్టడం ఆపి, సుత్తి చంకలో ఇరికించుకుని, దారం కొస తడిచేసి ఒక్కసారికే ఎక్కించేశాడు.

“ఏం కుడతావు?”

కుట్టడానికి ఏమీ లేదు. “ఏదో బొత్తాం,” అని గొణిగి ఆమె పక్కకు తప్పుకుంది.

నిన్న క్యాలెండరు అడుగున చీమ తలకాయంత అక్షరాలుంటే అవీ చదివించింది. గడగడా చదివేశాడు. మరి కళ్ళకేమీ లేకపోతే అతను తీసే ఫోటోలు అంత చీకటిగా ఎందుకొస్తున్నట్టు? ఎంత తల బద్దలుకొట్టుకున్నా ఆమెకు అంతుపట్టలేదు.

వాళ్ళు ఊరు మారి ఏడాదైంది. అతనికి ఇక్కడి పెద్ద స్టూడియోలో ఫోటోలు తీసే ఉద్యోగం దొరికింది. ఆమె పుస్తకాల బైండింగు షాపులో పని వదులుకుని వెంట వచ్చింది. కాగితాలు మడిచి, కుట్టి, జిగురు రాసే ఆ బల్ల దగ్గర అందరూ ఆమెను ‘రేడియో’ అనేవాళ్ళు. మాటో పాటో, నోరు ఊరుకుంటేగా! బయల్దేరే రోజున అతనే అన్నాడు, “ఏడాది చూద్దాం. నీకు నచ్చకపోతే తిరిగొచ్చేద్దాం,” అని. ఆ తర్వాత అతను ఎన్నిసార్లు అడిగినా ఆమెది ఒకటే జవాబు: “నాకేం, బాగానే ఉంది.” ఇన్నేళ్ళకు అతనికో మంచి ఉద్యోగం దొరికితే తాను అడ్డుపడటమా? ఆ మాట తలచుకోవడమే ఆమెకు ఇష్టం లేదు.

వచ్చిన మొదటి ఆదివారమే అతను పాత రీలు కెమెరాను వంటింటి గుమ్మంలో స్టాండు మీద నిలబెట్టాడు. ఏడాదిపాటు ఆదివారం ఆదివారం సంగీతం మీద ఫోటోలు తీస్తానన్నాడు.

“వంటింట్లో సంగీతమేంటండీ? గిన్నెల చప్పుడా?”

“చూస్తూ ఉండు.”

లెన్సు మూత తీసి ఉంచినంతసేపే ఆ కెమెరాకు చూపు. ఎక్కువసేపు ఉంచితే ఫోటో వెలుగ్గా వస్తుంది. కదిలే మనుషులు మాత్రం అందులో పడరు. అందుకే ప్రతి ఫోటోలోనూ పొయ్యి, కిటికీ, దాని పక్కన స్టూలు ఉంటాయి తప్ప ఆమె ఉండదు. అడిగితే, “నువ్వు ఒకచోట నిలబడితేగా!” అని నవ్వేవాడు. ఆమె ఇంకో వింత కూడా గమనించింది. మూత తీశాక అతను గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేవాడు. ఫోటో తీసేవాడు కళ్ళు మూసుకోవడమేమిటి? కళ్ళు మండుతున్నాయేమో, చెప్పకుండా దాస్తున్నాడేమో అని ఆమెకు బెంగ పట్టుకుంది.

ఇవాళ్టితో ఏడాది నిండింది. ఫోటోలన్నీ తెచ్చి హాలు గోడకు వరసగా తగిలించాడు. పై వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ మేకుల చప్పుడు విని కంగారుగా దిగి వచ్చింది.

“ఇదేంటి బాబూ! పై వరసలో నా వంటిల్లు తళతళా మెరిసిపోతోంది. కిందికొచ్చేసరికి మసి పూసినట్టుందే! గోడలు అంత పాడుచేశారా?”

“గోడలు బాగానే ఉన్నాయండీ.”

“మరి చివరిదాంట్లో ఏముంది?” అది నల్లటి కాగితం, అంతే.

“ఏమీ లేదండీ.”

ఓనరమ్మ వెళ్తూ వెళ్తూ ఆమె చెవిలో అంది, “మా అన్నయ్యకీ ఇలాగే మొదలైందమ్మా. ముందు కళ్ళ డాక్టరుకి చూపించు.”

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. బైండింగు షాపు నడిపే పెద్దక్క.

“ఏమే రేడియో! నీ బల్ల ఇంకా ఖాళీగానే ఉంచాను. ఇవాళ ఏదో ఒకటి తేల్చి చెప్పు, లేకపోతే కొత్తమ్మాయిని పెట్టుకుంటా.”

ఆమెకు జిగురు వాసన, పక్క బల్లల మీది నవ్వులు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఈ మనిషి చూపు పోతుంటే పని మాన్పించి ఎక్కడికి తీసుకెళ్తుంది?

“పెట్టుకో అక్కా. నాకిక్కడ బాగానే ఉంది. మేం ఇక్కడే...”

అతను ఫోన్ లాక్కున్నాడు. “అక్కా, ఎవర్నీ పెట్టుకోకండి. నెలాఖరుకి వచ్చేస్తున్నాం,” అని పెట్టేశాడు.

“మీకేమైనా మతిపోయిందా? మరి మీ ఉద్యోగం?”

“మానేస్తానని స్టూడియోలో నిన్ననే చెప్పేశాను. ఫోటోలు తీయించుకునే మొహాలు అక్కడ మాత్రం లేవా?”

“ఎందుకు మానేశారు? కళ్ళు కనిపించట్లేదనేగా?” ఆమె ఏడ్చేసింది. “నా దగ్గర దాస్తారెందుకండీ? రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం.”

“నా కళ్ళకేం? సూదిలో దారం ఎక్కించాను కదా!”

“మరైతే ఈ ఫోటోలేంటి? కిటికీ అదే, పొద్దున అదే. రాన్రానూ చీకటైపోయాయి. మూత ఎంతసేపు తీసి ఉంచాలో మర్చిపోయారా?”

“ఒక్క ఆదివారం కూడా మర్చిపోలేదు. ఎంతసేపు ఉంచాలో చెప్పింది నువ్వే.”

“నేనా? నేనెప్పుడు చెప్పాను? నా పాటికి నేను వంట చేసుకుంటుంటే!”

అతను పై వరసలో వెలుగుతున్న మొదటి ఫోటో దగ్గరికి ఆమెను తీసుకెళ్ళాడు. అక్కడి నుంచి మెల్లగా కింద ఉన్న నల్లటి కాగితం దాకా వేలితో చూపించాడు.

“నువ్వు కూనిరాగం తీసినంతసేపే మూత తీసి ఉంచాను.”