పక్కన పెట్టిన గంట

అందరిలా ఆలోచించని విద్యార్థుల కాలేజీ చదువు మీద వరంగల్‌లో సదస్సు. పత్రం చదువుతున్న మంజీరదీ అలాంటి బుర్రే. మాట గంతులేస్తుంది, కాలు ఒకచోట నిలవదు. అయినా శ్రోతలు ప్రశాంతంగా తలలూపుతున్నారు. ఇప్పుడు అన్ని కాలేజీల్లోలాగే అందరి చెవుల్లోనూ ఎదుటివాళ్ల మాటను చక్కదిద్ది వినిపించే చిన్న యంత్రాల బిళ్లలున్నాయి మరి. అవి పిల్లల అసలు గొంతును ఎలా మింగేస్తున్నాయన్నదే ఆమె పత్రం!

"మస్తు సాఫీగ చెప్తున్నవమ్మా," అన్నారు అధ్యక్షులు యాదగిరి సార్.

మంజీరకు ఒళ్లు మండింది. "అందరు చెవుల బిళ్లలు తీయుండ్రి!"

తీశారు. ఆమె మధ్యలోంచి అందుకుని, చివరికి ఉరికి, మొదలు మరిచిపోయి నవ్వేసింది. హాలంతా నవ్వింది. అప్పటికే టైమైపోయింది. సార్ గంట ఎత్తారు, ఆగారు, పక్కన పెట్టేశారు.

"ఈ బిళ్లలొచ్చిన ఇర్వై ఏండ్ల సంది న... నాకు నత్తి ఉన్నదని ఎవ్వరికీ తెల్వదు. ఇంకో ప... పది నిమిషాలు చెప్పు బిడ్డా!"