డోలు దాచిన గుట్టు

కరెంటు డోళ్లకు మనసుండదని అంకమ్మరావు ప్రతి పెళ్లిలోనూ చెప్పేవాడు. "నా వేళ్లలో ఉన్న భక్తి దానికేం తెలుస్తదయ్యా" అనేవాడు. ఆ మాట కంపెనీవాళ్ల చెవిన పడిందో ఏమో, వాయించేవాడి మనసులో ఏముంటే వినేవాళ్లకూ అదే కలిగించే కొత్త డోలు వచ్చింది. ఏడాది తిరిగేసరికి తోలు డోళ్లన్నీ అటకెక్కాయి. అంకమ్మరావుదీ ఎక్కింది.

కొత్తది భుజాన తగిలించుకుని తెనాలిలో ఒక పెళ్లికి వెళ్లాడు. ముహూర్తం వేళ పురోహితుడు వేలెత్తి "గట్టిమేళం" అన్నాడు. అంకమ్మరావు కళ్లు మూసుకుని, తల ఊపుతూ మహా భక్తిగా వాయించాడు. కళ్లు తెరిచేసరికి జనమంతా అక్షింతలు కుర్చీల్లో వదిలేసి భోజనాల హాలుకేసి నడుస్తున్నారు. పెళ్లికొడుకు సైతం మూడో ముడి వేయడం మరిచి అటే చూస్తున్నాడు.

సన్నాయి వాయించే బావమరిది మస్తానయ్య మెల్లగా అడిగాడు.

"గుత్తి వంకాయ సరే బావా, పనసపొట్టు కూర కూడా చేశారా?"

ఆ రోజు ఇంటికి రాగానే అంకమ్మరావు అటక మీది తోలు డోలును దించి, దుమ్ము తుడిచి, దండం పెట్టాడు. ఇన్ని పెళ్లిళ్లలో తన భక్తి సంగతంతా అది కడుపులోనే దాచుకుంది మరి.