హోరు లేని కారు

"థూ! ఇదీ ఒక కారేనా? మన వంటింట్లో ఫ్రిజ్ దీనికంటే ఎక్కువ చప్పుడు చేస్తుంది," అన్నాడు ఫెర్నాన్, కారును టురీని అనే కొండ కనుమ ఎక్కిస్తూ.

షోరూం వాళ్లు నడిపి చూడమని ఇచ్చిన, బ్యాటరీతో నడిచే కొత్త ఆల్పీన్ కారు అది. ఇంట్లో ఉన్న ఆల్పీన్ పందొమ్మిది వందల డెబ్భై ఒకటి నాటిది. ఆ పాతదానితోనే ఇరవై ఏళ్లు ర్యాలీ కారు పందేల్లో పాల్గొన్నాడు. పక్కన కూర్చుని, రాబోయే మలుపులను పుస్తకంలో చూసి గొంతు చించుకుని చెప్పేది భార్య ఓడిల్. ఇవాళ కూడా ఆ పుస్తకమే ఒళ్లో పెట్టుకుంది.

"పాతదాంట్లో పెట్రోలు కంపు, ఒళ్లు మాడే వేడి. అదీ బండంటే! ఇందులో మెత్తటి సీట్లు, చల్లగాలి. ఛీ!" అన్నాడు ఫెర్నాన్.

"కుడికి మెల్లగా. వెంటనే ఎడమకి, ఇరుకు మలుపు," చదివింది ఓడిల్.

ఫెర్నాన్ బ్రేకు తొక్కుతూ అలవాటుగా పెదాలు కదిపాడు.

"ఇప్పుడా చెప్పి ఏడ్చేది, మొద్దు ముండా."

ప్రతి అక్షరం వినబడింది.

ఓడిల్ పుస్తకం మూసేసింది.

"పాతదాంట్లోనూ మలుపు వచ్చినప్పుడల్లా నీ పెదాలు ఇలాగే కదిలేవి. ఆ హోరులో ఏమీ వినబడేది కాదు," అంది కిటికీ వైపు తిరిగి. "ప్రార్థన చేస్తున్నావనుకునేదాన్ని, ఫెర్నాన్. ప్రతిసారీ నేను ఆమెన్ అనేదాన్ని."