నూట ఎనభై డిగ్రీలు

మానవ నాగరికత అంతా, సూక్ష్మంగా పరిశీలిస్తే, కాళ్లు చాపుకోవడానికి మనిషి పడిన పాట్ల చరిత్ర. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరైన ఆయనకు ఈ పరమసత్యం బిజినెస్ క్లాసులో, నాలుగో వరుస కిటికీ పక్కన, ఉదయం తొమ్మిదింటికి అవగతమైంది.

వెంటనే సీటును జానలతో కొలిచారు. ఎనిమిదిన్నర. కొలత సరిపోయిందన్నట్టు తల పంకించారు.

పద్నాలుగు గంటల ప్రయాణం. విహారానికి కాదు, వెన్నెముక ఆపరేషన్‌కి. స్వదేశంలో ముగ్గురు డాక్టర్లు చేతులెత్తేశాక, సముద్రాల అవతలి నాలుగో డాక్టరు సరేనన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు. దారి పొడవునా వెల్లకిలా, వెన్ను కదలకుండా పడుకుని రావాలి. కూర్చుని వస్తే నరం నలిగిపోతుంది. ఆ తర్వాత ఆపరేషన్ చేసినా ప్రయోజనం ఉండదు, ఆ కాళ్లు ఇక నడవవు.

అందుకే ఆయన భార్య అన్నగారు రెండు రకాల టికెట్లు కొన్నారు. ఒకటి పడకగా మారే సీటు. రెండోది నలభై మూడో వరుసలో, ఇద్దరి మధ్య.

ఎవరు ఎక్కడన్న చర్చ రాలేదు. ఆ ఇంట్లో వాలుకుర్చీ కూడా ఒక్కటే. దాని విషయంలోనూ ముప్పయ్యారేళ్లుగా ఏ చర్చా రాలేదు. విమానం గుమ్మంలో ఆయన చెయ్యి చాచారు. ముందు వరుస చీటీ ఆవిడ ఆయన చేతిలో పెట్టి, సీట్ల వీపులు పట్టుకుంటూ నెమ్మదిగా వెనక్కి సాగిపోయింది.

ఎయిర్ హోస్టెస్ వేడి తువాలు తెచ్చింది. పట్టాభిషేకానికి ముందు జరగవలసిన మంగళస్నానంలా ఆయన దాన్ని మొహాన అద్దుకున్నారు.

"ఆపరేషనా సార్?" అన్నాడు పక్క సీట్లోని టైల్స్ వ్యాపారి, ఆయన ఒళ్లో ఉన్న ఎక్స్‌రే కవరు చూసి.

"వెన్ను" అన్నారాయన, కళ్లు మూసుకుని.

"అయ్యో. చాలా రోజుల్నించా?"

"నాలుగేళ్లు. ఇంట్లో ఎంత నరకమో మీకు తెలీదు. రాత్రిళ్లు కంటిమీద కునుకుండదు."

"మా బావమరిదికీ ఇదే. బరువులెత్తాడా అంటే, టీవీ రిమోటు తప్ప జన్మలో ఏదీ ఎత్తిన పాపాన పోలేదు."

"ఓర్పు కావాలండీ. భరించేవాళ్లకే తెలుస్తుంది."

వ్యాపారి కరిగిపోయాడు. ఎయిర్ హోస్టెస్‌ని పిలిచి ఇంకో పరుపూ, రెండు దిండ్లూ తెప్పించాడు. ఆయన సానుభూతిని దిండ్లతో పాటు స్వీకరించారు.

నాలుగో గంటలో, మూడు విడతల భోజనం ముగిశాక, బొత్తాం నొక్కారు. సీటు గంభీరంగా, రాజీనామా చేస్తున్న మంత్రిలా, వెనక్కి వాలింది. నూట ఇరవై. నూట యాభై. నూట ఎనభై. శాఖలో పనిచేసిన ముప్పై రెండేళ్లలో ఇంత నిజాయితీ గల కొలతను ఆయన ఏ దుకాణంలోనూ చూడలేదు. దుప్పటి గడ్డం దాకా లాక్కున్నారు.

ఆరో గంటలో తెర కదిలింది. ఆవిడ.

"ఏమండీ, పడుకున్నారా?"

"పడుకున్నవాణ్ణి లేపి మరీ అడుగుతున్నావు."

"ఇటొకాయన, అటొకాయన. మధ్యలో మెసలడానికి లేదు. కాళ్లు తిమ్మిరెక్కిపోయాయి. ఒక్క గంట..."

"ఒక్క గంటేమిటి?"

"ఇక్కడ కాస్త నడుం వాలుస్తాను. మీరు నా సీట్లో..."

"సిటీ బస్సనుకున్నావా, సగం దూరం నువ్వు, సగం దూరం నేను అనడానికి? మెల్లిగా మాట్లాడు. ఆ అమ్మాయి ఇటే చూస్తోంది."

ఆ అమ్మాయి చూడడమే కాదు, వచ్చింది కూడా. "అమ్మా, వెనక క్లాసు వాళ్లు ఇక్కడ నిలబడకూడదండీ."

"వెళ్తున్నానమ్మా. మాత్రల వేళయింది. కాసిన్ని నీళ్లు ఇస్తావా?"

ఆవిడ ఆయన కాళ్ల దగ్గరున్న సంచిలోంచి మాత్రల అట్ట తీసింది. ఎయిర్ హోస్టెస్ గాజు గ్లాసులో నీళ్లు తెచ్చి, ఒద్దికగా ఆయన ముందు పెట్టింది. ఆయన తాగేశారు. ఆవిడ ఖాళీ గ్లాసు వైపు ఒక్క క్షణం చూసి, తెర అవతలికి వెళ్లిపోయింది.

"ఆడవాళ్లకి ఓపిక తక్కువండీ" అన్నాడు వ్యాపారి, నొచ్చుకుంటూ. "పేషెంటుని పట్టుకుని లేవమంటుందా?"

"ఏం చేస్తాం" అన్నారాయన. "అలవాటైపోయింది."

ఆ తర్వాత ఆవిడ రాలేదు. పదో గంటలో ఆయన హృదయంలో ఔదార్యం పొంగింది. తనకిచ్చిన రెండు చాక్లెట్లలో ఒకటి ఎయిర్ హోస్టెస్ చేత నలభై మూడో వరుసకు పంపించారు. అది వెళ్లినంత వేగంగానూ తిరిగి వచ్చింది.

"మేడమ్ ఏమీ వద్దన్నారండీ. కళ్లు కూడా తెరవలేదు."

"అలిగింది" అని ఆయన వ్యాపారికి వివరించి, చాక్లెట్టు తిన్నారు.

విమానం దిగింది. ముందు వరుసల వారిని ముందుగా దింపడం ఆకాశమార్గపు మర్యాద. వ్యాపారి ఆయన చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండండి సార్, అంతా మంచే జరుగుతుంది" అని, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

తలుపు అవతల ఆసుపత్రి మనుషులు ఇద్దరు స్ట్రెచరుతో సిద్ధంగా ఉన్నారు. ఎక్స్‌రే కవరు చూడగానే గుర్తుపట్టి, చెరో వైపూ వచ్చి, ఆయన భుజాల కింద చేతులు వేశారు.

"నేను కాదయ్యా" అన్నారాయన, చిరాగ్గా పక్కకు జరిగి, "పేషెంటు వెనకాల వస్తోంది."